పండ్లు దేంతో తోముతవని అడగాలె

కామారెడ్డి జిల్లా కొత్తగా ఏర్పడి, మా బాన్సువాడ నిజామాబాద్ లెక్కలోంచి దాని లెక్కలోకి మారిన ఏడు, ఆ చలికాలమంతా నేను ఊళ్లోని ఒక ప్రైవేటు ఆపరేషన్ దవాఖానలో థియేటర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఆ దవాఖాన ఇప్పుడు లేదు. కింది అంతస్తులో మోటారు పంపులు అమ్ముతున్నారు, పైన పెళ్లిళ్లకు కిరాయికిచ్చే కుర్చీలు, గిన్నెలు పెట్టుకున్నారు. ఆ దారిన పోయినప్పుడల్లా పై అంతస్తు మూల కిటికీ వైపు తల దానంతటదే తిరుగుతుంది. అదే మా థియేటరు.

థియేటర్ అసిస్టెంటు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. కాంపౌండరు అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాంపౌండరు మందులు కలిపేవాడు, నేను ఏనాడూ మందు కలపలేదు. ఆపరేషన్ గదిలో వరుస ఇట్లుంటుంది. అందరికంటే పైన సర్జన్. ఆయన పక్కన, మనిషి మత్తులో ఉన్నంతసేపు నిజానికి ఆయనకంటే పైన, మత్తు డాక్టరు. తర్వాత సిస్టరు, ఆ తర్వాత నేను. పరికరాలు ఆవిరి పెట్టెలో శుద్ధి చేయడం, సర్జన్ చెయ్యి చాపినప్పుడు అందులో సరైన వస్తువు పెట్టడం, కడుపులోకి పోయిన ప్రతి గుడ్డ పట్టీ మళ్లీ బయటికి వచ్చిందో లేదో చూడడం నా పని. ఆపరేషన్ తర్వాత వార్డులో కట్లు మార్చడం కూడా నాదే. బడిలో ఏడో తరగతి దాటలేదు. మిగిలిన చదువంతా డాక్టర్లు కొత్తవి కొనుక్కొని మూల పడేసిన పాత పుస్తకాల్లో, పక్కన నిఘంటువు పెట్టుకొని, నాకు నేనే చదువుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న ఒక పెళ్లి బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎవరో ముసలామె ఆపరేషన్ సంగతి చెప్పాడు. పేగు కుట్లు పోయినయట, మళ్లీ కోసిన్రట. ఎందుకు పోయినయని ఎవరో అడిగితే, ఇంకేముంది, కోడలు చాటుగా బువ్వ పెట్టి ఉంటదన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. అందులో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. నేను విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను. ఈ మాట నేను ముప్పై ఏళ్లకు పైగా వింటున్నాను. కుట్టిన డాక్టరునైనా, రోగి ఒంట్లో రక్తాన్నైనా అనుమానించేవాడు ఒక్కడుండడు. మొదటి వేలు టిఫిన్ గిన్నె పట్టుకొచ్చిన ఆడమనిషి మీదికే పోతుంది. అందుకే అంజనాబాయి సంగతి రాయాలనిపించింది.

అంజనాబాయిది జుక్కల్ అవతల, మహారాష్ట్ర హద్దుకు ఆనుకొని ఉన్న పల్లె. అరవై దాటిన మనిషి, ఎండిన చెరుకుగడలా ఉండేది. పొలం పనిలో ఒళ్లు గట్టిపడింది, నోరు అంతకంటే గట్టిది. ఒక పొద్దున కొడుకు మాధవ్, కోడలు సవిత ఆమెను జీపులో పండబెట్టి తెచ్చారు. కుడి గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ ఎన్నో ఏళ్లుగా ఉందట. పడుకుంటే లోపలికి పోయేది, లేస్తే వచ్చేది. దాన్ని ఆమె ఎవరికీ చూపలేదు, చూపే చోటు కాదని. ఈసారి అది బయటికొచ్చి లోపలికి పోలేదు. కడుపు ఉబ్బి వాంతులు మొదలైతే, బొడ్డు జరిగిందని పక్క ఊళ్లో ఒకామెతో కడుపు పిసికించారు. రెండు దినాలు అట్ల పోయినయి. మా కాడికి వచ్చేసరికి ఆమె ముఖం బూడిద రంగులో ఉంది.

పొట్ట గోడలో సందు ఏర్పడి పేగు అందులోంచి తోసుకొస్తే దాన్ని హెర్నియా అంటారు. ఆ సందు అంచు పేగు మెడకు ఉరిలా బిగుసుకుంటే లోపలి తిండి కదలదు. అంతకంటే ముఖ్యం, పేగుకు రక్తం అందదు. రక్తం అందని పేగు కొన్ని గంటల్లో చచ్చిపోతుంది.

మా సర్జన్‌ను అందరం డాక్టరు సాబు అనేవాళ్లం. ఆయన కూడా హద్దు అవతలి పల్లెలోనే పుట్టినాయన. మరాఠీ, తెలుగు రెండూ ఇంటి భాషల్లాగే వచ్చు. నాకంటే చిన్నవాడు, నన్ను సాయిలన్న అని పిలిచేవారు తప్ప ఏనాడూ ఉత్త పేరు పెట్టి పిలవలేదు. ఆపరేషన్‌కు ముందు అడగవలసినవి ఆయనే అడిగారు. షుగరు ఉందా, బీపీ ఉందా, గతంలో ఆపరేషన్ అయిందా. చివరికి, బీడి తాగుతవా, తంబాకు నములుతవా అని. అంత నొప్పిలోనూ అంజనాబాయి కళ్లు పెద్దవి చేసింది.

"నేనేమన్న మొగోన్నా బీడి తాగనీకి? మా ఇంట్ల మొగోల్లే నములరు."

డాక్టరు సాబు నవ్వి, లేదు అని చెప్పారు. సిస్టరు అట్లనే రాసుకుంది. అబద్ధం కాదు. ఆమె బీడి ముట్టలేదు, ఆకు నమలలేదు.

కడుపు తెరిచాక ఆ సందులో ఇరుక్కున్న పేగు నేరేడు పండు రంగులో కనిపించింది. ఉరిని వదులు చేశారు. అప్పుడు చేసే పని చూసేవాళ్లకు పనిలాగే కనబడదు. వెచ్చని ఉప్పునీళ్లలో తడిపిన పట్టీలు ఆ పేగు మీద కప్పి, ఊరికే ఆగాలి. ఆ పట్టీలు చల్లారకుండా అందించడం నా వంతు. డాక్టరు సాబు ఆ కాసేపు చేతులు గుండె మీద కట్టుకొని, కళ్లు మూసుకొని నిలబడేవారు. ఎవరూ మాట్లాడకూడదు. పట్టీ తీసి చూస్తే బతికున్న పేగు ఎర్రబడుతుంది, తడి మెరుపు వస్తుంది, ముట్టుకుంటే పురుగులా మెల్లగా కదులుతుంది. చచ్చినది అట్లే ఉంటుంది.

అంజనాబాయి పేగు చాలావరకు ఎర్రబడింది. మధ్యలో జానెడు మాత్రం మసకగా, మెరుపు లేకుండా ఉండిపోయింది. ఆ ముక్క కోసి తీయవలసి వచ్చింది. కోసిన రెండు కొనలను కలిపి కుట్టే ముందు ఆయన ఒకటి తప్పక చూసేవారు. కోసిన అంచు నుంచి ఎర్రటి నెత్తురు ఊరాలి. ఊరకపోతే ఇంకొంచెం కోయాలి. రెండు కొనలా నెత్తురు ఊరింది. ఆ రోజు కుట్టిన కుట్టు నేను చూసినవాటిలో మంచిది. ఇది పక్షపాతంతో చెప్పడం లేదు, బాగాలేని కుట్లు కూడా చూశాను గనుక చెబుతున్నాను.

పేగు గాలిలో వేలాడదు. విసనకర్ర లాంటి ఒక పలుచని పొర దాన్ని వెనక గోడకు పట్టి ఉంచుతుంది. నెత్తురు ఆ పొరలోంచి వస్తుంది, పెద్ద నాళంలోంచి చిన్న నాళాల్లోకి, వాటిలోంచి వెంట్రుకంత వాటిలోకి. నిజాంసాగర్ నీళ్లు పెద్ద కాలువలోంచి పిల్లకాలువల్లోకి, అక్కడినుంచి మడిలోకి వచ్చినట్టే. పేగు అంచు చివరి మడి. పైన ఎక్కడ ఏ కొంచెం తగ్గినా ముందు ఎండేది అదే. దారం రెండు కొనలను ఒక దగ్గర పట్టుకొని ఉంచుతుంది, అంతే. అతికేది నెత్తురు వల్ల.

వార్డులో ఆమెకు ముక్కులోంచి కడుపులోకి గొట్టం, చేతికి సెలైను, పొట్ట పక్కన లోపలి నీరు బయటికి తెచ్చే ఇంకో గొట్టం ఉన్నాయి. నోటితో ఏమీ ఇయ్యొద్దన్నారు. రోజుల తరబడి నోటితో ఏమీ తీసుకోని మనిషికి నాలుక అట్ట కడుతుంది, పెదవులు పగులుతాయి, నోట్లో పుళ్లు వస్తాయి. అందుకని ఏ దవాఖానలోనైనా నోరు శుభ్రంగా ఉంచుకొమ్మని చెబుతారు. మా రజియా సిస్టర్ ఆ విషయంలో మరీ పట్టుదల మనిషి. బాన్సువాడలోనే పుట్టి, ఇక్కడే నర్సు పని నేర్చి, ఇక్కడే పెద్ద సిస్టరైంది. రోగి కంటే రోగి పక్కనున్నవాళ్లు ఆమెకు ఎక్కువ భయపడేవారు. సవితను పిలిచి, అవ్వ నోరు దినాం రెండు మూడుసార్లు సాఫ్ చేయించాలె, పండ్లు తోమించాలె, పుక్కిలించి ఉమ్మాలె, మింగొద్దు అని చెప్పింది. ఆమె తలూపింది.

సవిత మా దిక్కు పిల్ల. తండ్రి నిజాంసాగర్ కాలువ మీద లష్కరు, అంటే తూముల కాడ ఉండి వంతు ప్రకారం నీళ్లు వదిలి బందు పెట్టేవాడు. ఆ ఇంటికి కోడలై రెండేళ్లు కూడా కాలేదు. అత్త మాట్లాడే సగం మరాఠీ ఆమెకు ఇంకా పూర్తిగా అర్థమయ్యేది కాదు. పనికి మాత్రం మాట అక్కర్లేదు గదా. ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, అత్త ఉమ్మిన పాత్రను, మా దిక్కు డొక్కు అంటారు, తానే కడిగి తెచ్చేది. తన తిండి వరండాలో గోడ వైపు తిరిగి కూర్చొని తినేది, ఆకలితో ఉన్న మనిషి ముందు తినగూడదని.

పేగు కుట్టు పోతే సాధారణంగా ఐదారు రోజులకు బయటపడుతుంది. అంజనాబాయికీ అట్లనే అయింది. జ్వరం వచ్చింది, నాడి పరుగెత్తింది. పొట్ట పక్క గొట్టంలో అప్పటిదాకా పలుచగా వచ్చిన నీరు పచ్చగా మారింది. ఆ రంగు చూడగానే రజియా సిస్టర్ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. కుట్టు ఎక్కడో కారుతోంది.

డాక్టరు సాబు పొట్ట తడిమి చూశారు. మెత్తగానే ఉంది. కారినది లోపల పరుచుకోకుండా గొట్టంలోంచి బయటికే వస్తోంది. అట్లా ఉన్నప్పుడు తొందరపడి మళ్లీ కోస్తే వాచిన పేగులు చేతిలో చిరుగుతాయి. మందులిస్తూ, సెలైనులోనే బలం ఎక్కిస్తూ, దానంతటది మానుతుందేమో చూడాలి. మానకపోతే, జ్వరం పెరిగితే హైదరాబాద్ పంపి మళ్లీ కడుపు తెరవాలి. అప్పుడా బక్క ప్రాణం నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు. ఆయన మాధవ్‌కు ఈ సంగతి దాచకుండా చెప్పారు. చెబుతూ, అందరు డాక్టర్లూ అలవాటుగా అడిగే ఒక మాట అడిగారు.

"ఎవరన్న ఏమన్న తినిపిచ్చిన్రా?"

ఆ ప్రశ్న చాలు. మాధవ్ చెడ్డవాడు కాదు. తల్లి కోసం జీపు వెనక నిలబడి వచ్చినవాడు. కానీ భయపడ్డ మనిషికి ఎవరో ఒకరు దొరకాలి. తల్లిని వాళ్ల దిక్కు ఆయి అంటారు. మా ఆయికి నువ్వు ఏం పెట్టినవని భార్యను వరండాలో, అందరి ముందు నిలదీశాడు. మంచం కింద నిన్న గంజి గిన్నె చూశానన్నాడు. అది సవిత తిన్న గిన్నె. పక్క మంచాల వాళ్లు ఒక్కొక్కరే సాక్షులయ్యారు. ఒకామె ఆ పిల్ల అత్త నోటి కాడికి ఏదో పెట్టడం చూశానంది. ఇంకొకామె, ఆకలి అంటే పాపం ఏ కోడలైనా పెడతది అని జాలిపడింది. ఆ జాలి నిందకంటే హీనంగా ఉంది.

సవిత ఏడవలేదు. గోడకు ఆనుకొని నిలబడి చెప్పింది.

"అత్తమ్మకు గుక్కెడు నీళ్లు గూడ మింగనియ్యలే. నోరు కడుక్కోనికి ఇచ్చిన, ఉమ్మినంక డొక్కు కడిగిన. గంతే."

"ఆయికి ఏమన్నయితే నువ్వు గటే నిజాంసాగర్ పో. మా గడప ఎక్కకు," అన్నాడు మాధవ్.

లోపల అంజనాబాయి జ్వరంలో, నేను ఏం తినలేదురా అని రెండుసార్లు అంది. కోడలిని కాపాడడానికి అంటోందని దానికీ అర్థం తీశారు.

ఇక్కడ నేనొక మాట గట్టిగా చెప్పాలి. ఒక ముద్ద గంజి మింగినంత మాత్రాన, నెత్తురు బాగా అందే కుట్టు తెగదు. ఈ రోజుల్లో పెద్ద దవాఖానల్లో పేగు కుట్టిన మర్నాడే నీళ్లు తాగిస్తున్నారు. కుట్టు కారడానికి కారణాలు వేరే ఉంటాయి. ఒంట్లో సత్తువ లేకపోవడం, ఆలస్యంగా రావడం, చీము పట్టడం, అన్నిటికంటే ముందు నెత్తురు అందకపోవడం. ఇవి ఆనాటికే పుస్తకాల్లో ఉన్నాయి. అయినా వరండాలో న్యాయం చెప్పడానికి ఎవరికీ పుస్తకం అక్కర్లేదు.

మందులతో జ్వరం దిగింది. గొట్టంలో పచ్చనీరు మాత్రం తగ్గలేదు. ఒకరోజు కొంచెం తగ్గినట్టుంటుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. డాక్టరు సాబు హైదరాబాద్‌లో తనకు పాఠం చెప్పిన పెద్ద సర్జన్‌కు ఫోన్ చేశారు. ఇంకొన్నాళ్లు చూడమని ఆయనా అన్నారు. నన్ను పిలిచి, సాయిలన్నా, ఆ అంచులు నువ్వూ చూసినవు గదా, నెత్తురు ఊరింది గదా అని అడిగారు. ఊరింది సాబ్ అన్నాను. మరి ఇప్పుడెందుకు అందుతలేదని ఆయన నన్ను కాదు, తనను తానే అడుగుతున్నారు. సవిత అన్నీ మునుపటిలాగే చేస్తోంది. మొగుడు ఆమెతో మాట్లాడడం లేదు.

ఆ తర్వాత ఒక పొద్దున రౌండుకు పోయినప్పుడు కట్టు మార్చే సామానుతో నేను వెనక ఉన్నాను. డాక్టరు సాబు మంచం కాడ ఆగి, ఎట్లున్నది ఆయీ అని మరాఠీలో అడిగారు. అంజనాబాయి జవాబు చెప్పలేదు. పెదవులు బిగించి, చూపుడు వేలు పైకెత్తి చూపింది, ఆగు అన్నట్టు. సర్జన్ రౌండుకు వస్తే రోగులు లేచి కూర్చుంటారు, దండం పెడతారు. వేలు చూపించి ఆగమన్నవాళ్లు ఎవరూ లేరు. రజియా సిస్టర్ ముఖం ఎర్రబడింది. విచిత్రమేమంటే, డాక్టరు సాబు ఆగారు. చేతులు వెనక్కు పెట్టుకొని, బడిపిల్లవాడిలా కదలకుండా నిలబడ్డారు. సవిత డొక్కు పట్టింది. అంజనాబాయి ఉమ్మింది. నల్లగా ఉంది.

ఆయన ఆ డొక్కు మీదికి వంగి చూశారు. తర్వాత డబ్బీ ఏదని మెల్లగా అడిగారు. అంజనాబాయి దిండు కింది నుంచి చిన్న రేకు డబ్బీ తీసి ఇచ్చింది, దాచుకోలేదు, బెదరలేదు. దువ్వెన అడిగితే దువ్వెన ఇచ్చినట్టు ఇచ్చింది. ఆయన మూత తీసి వాసన చూసి, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు.

"మా ఆయి గూడ గిట్లనే వేలు చూపెట్టేది, సాయిలన్నా. మిశేరి నోట్ల ఉన్నంతసేపు మాట్లాడకపోయేది. నేను పలక వట్టుకొని నిలబడేటోన్ని."

మిశేరి అంటే తంబాకు ఆకును పెంక మీద నల్లగా మాడ్చి, నూరి చేసే పొడి. హద్దు పల్లెల్లో ఆడవాళ్లు దాంతో పండ్లు తోముకుంటారు. ఒక్క పొద్దున కాదు, పనిలో అలసినప్పుడల్లా, మనం చాయ తాగినట్టు. కానీ వాళ్ల లెక్కలో అది తంబాకు కాదు, పండ్లపొడి. మొగవాళ్ల చెడు అలవాట్లతో దానికి సంబంధం లేదు. పండ్లు నల్లగా ఉన్న ముసలివాళ్లను మేమంతా రోజూ చూస్తూనే ఉన్నాం. డాక్టరు సాబయితే ఆ పొడి వాసనలోనే పెరిగారు. అదే ఆయనకు అడ్డమైంది. అమ్మ పక్కలోని వాసనను ఎవరు తంబాకు అనుకుంటారు?

ఆయన లేచి, మాధవ్‌ను లోపలికి పిలిపించి అందరికీ వినబడేటట్టు చెప్పారు. తంబాకులో ఉండే మందు నెత్తురులో కలిస్తే వెంట్రుకంత సన్న నాళాలు ముడుచుకుంటాయి. మింగక్కర్లేదు, చిగుళ్లలోంచే ఎక్కుతుంది. పేగు అంచుకు నెత్తురు తెచ్చేవి ఆ సన్న నాళాలే. కుట్టు కారడానికి ఇదే కారణమని తాను ఒట్టు వేయలేనన్నారు. ఆలస్యంగా రావడం ఉంది, ఒంట్లో బలం లేదు. కానీ మానవలసిన చోటికి నెత్తురు తగ్గించే పనిని ఇగ ఒక్క పూట కూడా సాగనియ్యనన్నారు.

అందరికంటే ముందు అర్థమైంది సవితకు. "పై తూము సగం మూసినట్టన్నట్టు. ఆఖరి మడికి తడి గూడ రాదు," అంది. డాక్టరు సాబు ఆమె వైపు తిరిగి, అంతే తల్లీ అన్నారు.

మాధవ్ మళ్లీ భార్య మీదికే పోయాడు. బువ్వ పెట్టలేదంటివి, ఈ డబ్బీ ఇచ్చింది నువ్వే గదా అన్నాడు. నింద పోయిన చోటే కొత్త నింద వచ్చి కూర్చుంది. సవిత ముఖం అప్పుడు పాలిపోయింది, ఎందుకంటే ఇది నిజం. డబ్బీ ఆమే ఇచ్చింది. పొడి అయిపోతే అత్త చెప్పినట్టు ఇంటి నుంచి తెప్పించింది కూడా.

రజియా సిస్టర్ ముందుకొచ్చి, పండ్లు తోమించుమని చెప్పింది నేనే, ఆ పిల్లననకు అంది. డాక్టరు సాబు ఆమెను చేత్తో ఆపారు.

"తోముమన్నది మేము. దేంతో తోముతవని అడగంది గూడ మేమే. నేను అడగాలె, నాకు తెలుసు గాబట్టి. ఈ పిల్ల నీ తల్లికి మా మాట ప్రకారం చేసింది. ఇంకో మాటంటే నువ్వు బయట కూసో."

మాధవ్ తలొంచుకున్నాడు. అప్పుడు అంజనాబాయి మాట్లాడింది. ముక్కులో గొట్టంతో మాట సగమే వచ్చేది, అయినా ఆమె మాటకు బలం తక్కువ లేదు. "నేను తినలేదంటే నమ్మకపోతివి. దాన్ని నలుగుర్ల నిలవెడితివి. గిప్పుడన్న నోరు ముయ్యి," అని కొడుకును అని, డబ్బీని కోడలి చేతిలో పెట్టింది. "ఇది నీ కాడనే ఉంచు. నేను అడిగినా ఇయ్యకు."

పారెయ్యమంటే అయిపోయేది. పారెయ్యమనలేదు. కళ్లముందు ఉంటేనే ధైర్యమని ఆమె లెక్క. డాక్టరు సాబు కూడా ఆ లెక్కలో చెయ్యి పెట్టలేదు. సవిత ఆ డబ్బీని చీర కొంగులో ముడి వేసుకుంది.

మర్నాటి నుంచి ఆ వార్డులో ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎన్నో ఏళ్ల అలవాటు ఒక్కసారి తెగితే తల పగిలేటట్టు నొస్తుంది, మనిషికి చిరాకు ఎక్కుతుంది. అంజనాబాయి మొదట బతిమాలింది. ఒక్క వేలికి అంటేంత, చాలు బిడ్డా అంది. తర్వాత తిట్టింది. కొన్ని తిట్లు మరాఠీలో వచ్చేవి. నీకు అర్థమవుతుందా అని నేను సవితను అడిగితే, కొన్ని అయితయి సాయిలు మామా, బాగున్నయి అంది. ఒకసారి ముసలామె వార్డంతా వినబడేలా, లష్కరు బిడ్డను తెచ్చుకుంటే గిదే గతి, నీళ్లు బందు వెట్టుడే నేర్చింది అని దెప్పింది. సవిత ఆమె కాళ్లు పిసుకుతూనే జవాబిచ్చింది.

"తూము కాడ ఎంతమంది కాళ్లు మొక్కినా మా నాయిన వంతు తప్పి తాళం తియ్యలే అత్తమ్మా. నేను తీస్తనా?"

పక్క మంచాల వాళ్లు పకపక నవ్వారు. వరండాలో సాక్షులైనవాళ్లే. అంతకు ముందు ఇచ్చిందని తప్పుపట్టారు, ఇప్పుడు అవ్వ అంత గోస పడుతుంటే ఇయ్యదేందని ఒకామె నా చెవిలో అంది. నేనామెకు గట్టిగానే జవాబిచ్చాను. ఏం జవాబిచ్చానో రాయను.

గొట్టంలో పచ్చనీరు ఆ వారంలోనే పలుచబడసాగింది. ఆ తర్వాత మెల్లమెల్లగా ఆగింది. డాక్టరు సాబు వెంటనే నమ్మలేదు. ఇంకొన్నాళ్లు ఆగి, ముందు నీళ్లు, తర్వాత మజ్జిగ తేట, చివరికి మెత్తటి అన్నం ఇప్పించారు. మొదటి ముద్ద ఎవరు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు మాధవ్ గిన్నె తెచ్చి భార్య ముందు పట్టాడు. ఆ పిల్ల వెంటనే అందుకోలేదు. డాక్టర్ని అడిగి రాపో, ఆయన పెట్టమంటేనే పెడతా అంది. అతను పోయి అడిగి వచ్చాడు. అప్పుడు పెట్టింది.

ఇంటికి పోయిన కొన్నాళ్లకు అంజనాబాయి చూపించుకోవడానికి వచ్చింది, ఒళ్లు కొంచెం నిండింది. వేపపుల్లతో తోముతున్నానని నోరు తెరిచి చూపింది. డబ్బీ ఏమైందని అడిగాను. ఇంకా దాని కొంగులనే ఉన్నది, నా మీద నమ్మకం లేదట అని కోడలి వైపు వేలు చూపింది. ఆమె ఆ తర్వాత మిశేరి పూర్తిగా మానిందో లేదో నాకు తెలియదు. నేను చూసినంతవరకు చెప్పాను.

ఆనాటి నుంచి మా దవాఖానలో కడుపు ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి మనిషినీ, ఆడవాళ్లను మరీ ముఖ్యంగా, పండ్లు దేంతో తోముతవని అడగాలని డాక్టరు సాబు నియమం పెట్టారు. అడిగే పని నాకు, రజియా సిస్టర్‌కు అప్పగించారు. నేను పని మానేసేదాకా అడిగాను. బొగ్గు అన్నారు, ఉప్పు అన్నారు, ఇటుక పొడి అన్నారు, పేస్టు అన్నారు. మధ్యమధ్య మిశేరి అన్నవాళ్లు, ఇంకేదో మాడ్చిన పొడి అన్నవాళ్లు తగిలారు. వాళ్లలో ఒక్కరు కూడా, తంబాకు వాడుతవా అంటే అవునని చెప్పలేదు. ఒక్కరు కూడా అబద్ధం ఆడలేదు. ఇప్పటి పెద్ద దవాఖానల్లో కంప్యూటరు ముందు కూర్చొని చకచకా ప్రశ్నలడిగే పిల్లలు ఇంకా తంబాకు ఉందా అనే అడుగుతున్నారు. విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. వాళ్ల మీద కాదు, ఆ ప్రశ్న రాసిపెట్టినవాడి మీద.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. రోగి నిజమే చెబుతున్నా మనకు తప్పు జవాబు అందవచ్చు. అప్పుడు దిద్దవలసింది రోగిని కాదు, ప్రశ్నను. కుట్టు కారితే ముందు నెత్తురు ఎక్కడ ఆగిందో వెతకాలి. టిఫిన్ గిన్నె ఎవరు తెచ్చారో ఆ తర్వాత అడగవచ్చు. మేము సరిగ్గా వెతికినప్పుడు ఆ రెండో ప్రశ్న అవసరం నాకు తెలిసి ఎప్పుడూ రాలేదు.